డిసెంబర్ నాలుగు, పెద్దమ్మ ఇల్లు

డిసెంబర్ మొదటి వారం రాగానే నాకు అలసందలు ఉడికే వాసన గుర్తొస్తుంది. మా ఊరి వంటింటి వాసన కాదది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే చిన్న కొండల ఊళ్ళో, బయట మంచు పడుతుండగా, ఒక పాత చెక్క ఇంట్లో పెద్ద గిన్నెలో ఉడికే అలసందల వాసన. పక్కన మొక్కజొన్న రొట్టె, చాలాసేపు ఉడికిస్తే గానీ మెత్తబడని ఒక ముదురు ఆకుకూర. టేబుల్ మీద నల్లటి గుడ్డ, దాని అంచు పాత బంగారం రంగు. గోడకు ఆనించి, కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి ఫోటో.

నేను 2004 ఆగస్టులో అక్కడికి వెళ్ళాను. బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ చేసి, కొన్నాళ్ళు చిన్న ఉద్యోగం చేసి, కోర్నెల్ యూనివర్సిటీలో నేలల శాస్త్రంలో పీహెచ్‌డీకి సీటూ స్కాలర్‌షిప్పూ వస్తే విమానం ఎక్కాను. యూనివర్సిటీ కొండమీద ఉంటుంది, ఊరు కింద ఉంటుంది. కొండమీద అద్దెలు ఎక్కువ. కింద, ఊరికి దక్షిణం వైపు పాత ఇళ్ళలో గది తక్కువకే దొరికింది. రోజూ బఫెలో స్ట్రీట్ ఎక్కి వెళ్ళాలి. ఆ వీధి ఎంత నిటారుగా ఉంటుందంటే, మొదటి వారం సగం దారిలో ఆగి ఎవరింటి మెట్లమీదో కూర్చునేవాణ్ణి.

మా ఇంటి ఓనరు డెబ్భై దాటిన నల్లజాతి ఆవిడ. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త స్కూలు టీచరు, 2001లో పోయారు. వెళ్ళిన రోజున, మన అలవాటు ప్రకారం ఆవిణ్ణి 'ఆంటీ' అన్నాను. ఆవిడ కోప్పడలేదు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నెమ్మదిగా చెప్పారు. వాళ్ళ దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళు నల్ల ఆడవాళ్ళను 'మిసెస్' అని పిలవడానికి ఇష్టపడేవాళ్ళు కాదట. ఎంత పెద్దావిడైనా 'ఆంటీ' అనో, పేరు పెట్టో పిలిచేవాళ్ళట. "మా అమ్మ బతికినన్నాళ్ళూ ఆ పిలుపు విని తల దించుకుంది. నువ్వు గౌరవంగానే అన్నావని నాకు తెలుసు. కానీ నన్ను ఇంకేదైనా పిలువు" అన్నారు.

నాకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. మా తాతను పదేళ్ళ పిల్లలు 'ఒరే' అని పిలవడం నేను మా ఊళ్ళో విన్నాను. అరవై ఏళ్ళ మనిషి పొలం గట్టున నిలబడి "అయ్యా" అని పలకడం చూశాను. ఆవిడకు అది చెప్పాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత మా భాషలో అమ్మకు అక్కను 'పెద్దమ్మ' అంటామని చెప్పాను. ఆవిడ రెండు మూడు సార్లు పలికి చూసుకుని, "ఇది బాగుంది" అన్నారు. ఆ రోజునుంచీ ఆవిడ నాకు పెద్దమ్మే.

ఆ డిసెంబర్‌లో ఒక శనివారం ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఇల్లంతా అలసందల వాసన. నల్లగుడ్డ పరిచి ఉంది. పెద్దాయన ఫోటో ముందు ఒక చిన్న దీపం. హాల్లో యూనివర్సిటీ నుంచి వచ్చిన నలుగురైదుగురు నల్లజాతి కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి మెల్లగా, "ఇవాళ పెదనాన్నగారి వర్ధంతా?" అని అడిగాను. పెద్దమ్మ నవ్వారు. "కాదు నాన్నా, ఇవాళ పుట్టినరోజు. ఏడుగురు పిల్లలది."

ఆల్ఫా ఫై ఆల్ఫా అనే పేరు నేను మొదటిసారి విన్నది ఆ రాత్రే. అమెరికా కాలేజీల్లో ఫ్రటర్నిటీలు ఉంటాయని సినిమాల్లో చూసి తెలుసు. గ్రీకు అక్షరాల పేర్లు, పెద్ద పెద్ద ఇళ్ళు, డబ్బున్న పిల్లల పార్టీలు, అంతవరకే నా జ్ఞానం. నల్లజాతి విద్యార్థులు కాలేజీ స్థాయిలో కట్టుకున్న, ఇప్పటికీ నిలిచి ఉన్న మొట్టమొదటి గ్రీకు అక్షరాల సోదర సంఘం ఇదే ఊళ్ళో, మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో పుట్టిందని నాకు తెలియదు. 1906 డిసెంబర్ 4న. పెద్దమ్మ భర్త చదువుకునే రోజుల్లో దక్షిణాదిలో ఒక కాలేజీలో అందులో చేరారు. ఉద్యోగం వెతుక్కుంటూ ఇథాకా వచ్చాక, పుణ్యక్షేత్రం ఉన్న ఊళ్ళో కాపురం పెట్టినంత సంబరపడేవారట.

ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ పెద్దమ్మ చెప్పినదాంట్లో ఒక్క ముక్క నన్ను పట్టుకుంది. 1904లో కోర్నెల్‌లో చేరి చదువుతున్న నల్లజాతి విద్యార్థుల్లో ఆరుగురు మరుసటి ఏడాది తిరిగి రాలేదు. అంతే. వాళ్ళు ఫెయిలయ్యారనో, గొడవ చేశారనో కాదు. సెలవులయ్యాక కాలేజీ తెరిచారు, ఆ ఆరుగురూ రాలేదు. మిగిలిన కొద్దిమంది ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వచ్చే ఏడు మనలో ఎవరు రారో అని.

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆ లెక్క నాకు తెలుసు. 1988లో ఆరో తరగతిలో నన్ను మా నాన్న సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేర్చినప్పుడు మా గదిలో మేం పద్నాలుగు మందిమి. పద్నాలుగు రేకు పెట్టెలు గోడవారన వరసగా ఉండేవి. సంక్రాంతి సెలవులకు ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చేసరికి ఒక పెట్టె ఉండేది కాదు. మిరపకాయల కోతలకు అమ్మానాన్నలతో వెళ్ళాడని ఎవరో చెప్పేవారు. తర్వాత వేసవి సెలవులు, ఇంకో రెండు పెట్టెలు తగ్గేవి. ఇటుక బట్టీకి పోయాడు, పాలేరుగా కుదిరాడు. పదో తరగతి పరీక్ష రాసింది ఐదుగురం. ఎవరూ మమ్మల్ని బయటికి నెట్టలేదు. రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళూ లేరు. ఒకసారి హాజరు పట్టీలో ఒక పేరు మీద ఎర్రసిరా గీత గీయడం చూశాను. స్కేలు పెట్టి, చాలా తిన్నగా గీశారు.

అందుకని ఆ చలికాలమంతా లైబ్రరీలో నేలల పుస్తకాల మధ్య ఈ చరిత్ర కూడా చదివాను. చదివింది వచ్చి పెద్దమ్మకు చెప్పేవాణ్ణి. భర్త దగ్గర విన్నది ఆవిడ చెప్పేవారు. రెండూ కలిపి నా మనసులో ఒక బొమ్మ కట్టింది.

1905 చివర్లో, ఆ చలిలో, మిగిలినవాళ్ళు ఊళ్ళో నల్లవాళ్ళ ఇళ్ళలో కూడుకోవడం మొదలుపెట్టారు. పేరు సాహిత్య సంఘం. చేసేది కలిసి చదువుకోవడం, వెనకబడినవాడికి చెప్పి పెట్టడం, పుస్తకాల గురించి మాట్లాడుకోవడం, ధైర్యం చెప్పుకోవడం. వీళ్ళను మొదట ఒకచోట చేర్చిన మనిషి సి.సి. పాయిండెక్స్టర్, వ్యవసాయ శాఖలో పెద్ద చదువు చదువుతున్నాయన. వయసులో, చదువులో మిగతావాళ్ళకంటే పెద్ద. మా హాస్టల్లో కూడా ఒక సీనియర్ అన్న ఉండేవాడు. రాత్రి తొమ్మిదయ్యాక వరండాలో ట్యూబులైటు కింద మమ్మల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్పేవాడు. పాయిండెక్స్టర్ గురించి చదువుతుంటే ఆ అన్న మొహమే కనిపించేది.

కొండమీద తెల్లపిల్లలకు ఫ్రటర్నిటీలు ఉండేవి. సొంత ఇళ్ళు, సొంత భోజనశాలలు, పాత ప్రశ్నపత్రాలు, ఉద్యోగాలిప్పించే పూర్వ విద్యార్థులు. నల్లపిల్లలకు వాటిలో సభ్యత్వం లేదు. కానీ ఆ ఇళ్ళలోకి ప్రవేశం ఉంది, వడ్డించడానికి. ఈ కుర్రాళ్ళలో కొందరు ఆ ఫ్రటర్నిటీ ఇళ్ళలో టేబుళ్ళ దగ్గర పనిచేసి ఫీజులు కట్టుకున్నారు. పళ్ళెం అందిస్తూ వాళ్ళు అక్కడ ఏం చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. ఒకడు తడబడితే పదిమంది పట్టుకుంటున్నారు. ఆ పట్టుకోవడం మనకూ కావాలి అనుకున్నారు. తెల్లవాళ్ళను అనుకరించారని తర్వాతి కాలంలో కొందరు వీళ్ళను తప్పుపట్టారు. నాకు ఆ విమర్శలో న్యాయం కనిపించదు. ఆకలేసినవాడు ఎదుటివాడి కంచంలోకి చూడటం అనుకరణ కాదు.

వాషింగ్టన్ నుంచి వచ్చిన రాబర్ట్ ఓగిల్ అనే కుర్రాడు ఒకరోజు షికాగో పత్రిక ఒకటి చూశాడు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు పై గామా ఓమిక్రాన్ అని ఒక ఫ్రటర్నిటీ పెట్టారని అందులో ఉంది. సంబరంగా వీళ్ళు వివరాల కోసం అక్కడికి ఉత్తరం రాశారు. అలాంటి సంఘం ఏదీ తమ రికార్డుల్లో లేదని రిజిస్ట్రారు జవాబిచ్చాడు. ఉందనుకున్నది లేదని తేలింది. కానీ ఉండొచ్చన్న ఆలోచన మాత్రం వచ్చేసింది. పాత బంగారం, నలుపు, ఈ రెండు రంగులు సూచించింది కూడా ఓగిలే అంటారు. మా పెద్దమ్మ టేబుల్ గుడ్డ రంగులు అవే.

అప్పుడు వీళ్ళలోనే గొడవ మొదలైంది. సాహిత్య సంఘంగానే ఉందామా, ఫ్రటర్నిటీగా మారదామా? పాయిండెక్స్టర్‌కు మారడం ఇష్టం లేదు. మనకు ఆ సంప్రదాయం ఎక్కడిది అన్నది ఆయన వాదన. 1906లో దాదాపు ఏడాదంతా ఈ చర్చే. అక్టోబర్ 30న మేసోనిక్ హాల్లో కొత్తవాళ్ళకు దీక్ష ఇచ్చారు. డిసెంబర్ 4న ఓటు వేసి, ఇది ఫ్రటర్నిటీయే అని తీర్మానించారు. పాయిండెక్స్టర్ తప్పుకున్నారు. అందరినీ కూర్చోబెట్టిన మనిషి పేరు వ్యవస్థాపకుల్లో లేదు. పెద్దమ్మ ఎప్పుడూ ఆ పేరు మర్చిపోయేవారు కాదు. ఏడు పేర్లు చెప్పాక, "ఆ పెద్దబ్బాయి కూడా" అని చేర్చేవారు.

ఆ ఏడాది ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. సెప్టెంబర్‌లో అట్లాంటాలో తెల్ల గుంపులు నల్లవాళ్ళ మీద పడి చంపాయి. నవంబర్‌లో, టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో జరిగిన కాల్పుల నింద మోపి, విచారణ సరిగా జరపకుండానే 167 మంది నల్లజాతి సైనికులను ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఉద్యోగాల్లోంచి తీసేశాడు. ఆ వార్తలు చదువుతూ, పొద్దున వడ్డనకు వెళ్తూ, మధ్యాహ్నం క్లాసుకు వెళ్తూ, రాత్రి ఎవరి ఇంట్లోనో కూర్చుని సంఘం నియమావళి రాసుకున్నారు. ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉన్న పిల్లలు.

ఆ 'ఎవరి ఇంట్లోనో' అన్నది నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. నార్త్ ఆల్బనీ స్ట్రీట్‌లో 421 నంబరు, న్యూటన్ దంపతుల ఇల్లు. ఈస్ట్ స్టేట్ స్ట్రీట్‌లో 411 నంబరు, సింగిల్టన్ వాళ్ళ ఇల్లు. వీళ్ళెవరూ యూనివర్సిటీ వాళ్ళు కాదు. ఊళ్ళో కష్టపడి బతికే మామూలు నల్లజాతి కుటుంబాలు. వాళ్ళు ఈ పిల్లలకు హాలు ఇచ్చారు, వెచ్చదనం ఇచ్చారు. అన్నం కూడా పెట్టే ఉంటారు, పెట్టకుండా ఏ తల్లి ఉంటుంది? సింగిల్టన్ గారి భార్య ఆనీని సంఘం వాళ్ళు తమ తల్లిగా చెప్పుకున్నారు. కోర్నెల్ యూనివర్సిటీని పెట్టిన ఎజ్రా కోర్నెల్ 'ఎవరైనా ఏ చదువైనా చదువుకోగల సంస్థ' అని పెద్ద మాట అన్నాడు. మంచి మాటే. కానీ ఆ 'ఎవరైనా'లోకి ఈ పిల్లలు వచ్చి నిలబడగలిగింది కింద ఊళ్ళో ఈ రెండిళ్ళ వల్ల.

పెద్దమ్మ ఒక ఆదివారం నన్ను ఆల్బనీ స్ట్రీట్‌కు తీసుకెళ్ళారు. ఆవిడకు మోకాళ్ళ నొప్పి. అయినా కారు వద్దన్నారు. "మా ఆయన నన్ను మొదటిసారి నడిపించే తీసుకొచ్చాడు" అన్నారు. చిన్న చిన్న ఇళ్ళ వీధి. తాజమహల్ లాంటిదేమీ లేదు. పేవ్‌మెంటు మీద నిలబడి ఆవిడ చేతి తొడుగు తీసేశారు, గుడి ముందు చెప్పులు విడిచినట్టు. నేనూ తీసేశాను.

ఆ ఏడుగురినీ వాళ్ళు సెవెన్ జ్యువెల్స్ అంటారు, ఏడు రత్నాలని. హెన్రీ ఆర్థర్ కాలిస్, చార్లెస్ హెన్రీ చాప్మన్, యూజీన్ కింకిల్ జోన్స్, జార్జ్ బిడిల్ కెల్లీ, నెథానియల్ ఆలిసన్ మర్రీ, రాబర్ట్ హెరాల్డ్ ఓగిల్, వర్ట్నర్ వుడ్సన్ టాండీ. వీళ్ళలో చాప్మన్, మర్రీ నాలాగే వ్యవసాయం చదివినవాళ్ళు. అది తెలిసిన రోజున నేను వ్యవసాయ శాఖ భవనాల మధ్య నడుస్తూ ఒంటరిగా లేననిపించింది. పరాయి దేశంలో, మన అనుకునే ముఖం లేని డిపార్టుమెంట్లో, వందేళ్ళ కిందట ఇదే మట్టిని చేత్తో నలిపి చూసిన ఇద్దరు అన్నలు దొరికినట్టు. చాప్మన్ తర్వాత ఫ్లోరిడాలో నల్లజాతి విద్యార్థుల కాలేజీలో వ్యవసాయం బోధించారు. మర్రీ వాషింగ్టన్‌లో స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పారు. వాళ్ళ నాన్న డేనియల్ మర్రీ అమెరికా జాతీయ గ్రంథాలయంలో పనిచేసి, నల్లజాతి వాళ్ళు రాసిన పుస్తకాలన్నీ పోగుచేసిన మనిషి.

టాండీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్టన్. తండ్రి బానిసగా పుట్టి, స్వేచ్ఛ వచ్చాక ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు అయ్యాడు. కొడుకు ఆర్కిటెక్ట్ అయ్యాడు, న్యూయార్క్ రాష్ట్రంలో రిజిస్టరైన మొదటి నల్లజాతి ఆర్కిటెక్ట్. న్యూయార్క్ నగరంలో నల్లవాళ్ళ పేట హార్లెమ్‌లో సెయింట్ ఫిలిప్స్ చర్చిని ఇంకో నల్లజాతి ఆర్కిటెక్ట్ జార్జ్ ఫాస్టర్‌తో కలిసి కట్టారు. జుట్టు నూనెలు అమ్మి లక్షలు సంపాదించిన మేడమ్ సి.జె. వాకర్‌కు హడ్సన్ నది ఒడ్డున ఇర్వింగ్టన్‌లో పెద్ద భవనం కట్టారు. కెల్లీ ఇంజినీరు, సంఘానికి మొదటి అధ్యక్షుడు. న్యూయార్క్‌లో రిజిస్టరైన మొదటి నల్లజాతి ఇంజినీరు కూడా ఆయనే. కాలిస్ డాక్టరయ్యారు, హోవార్డ్ యూనివర్సిటీలో వైద్యవిద్యార్థులకు పాఠాలు చెప్పారు. ఏడుగురిలో ఆఖరుగా 1974లో పోయింది ఆయనే. ఓగిల్ వాషింగ్టన్‌లో సెనేట్ కమిటీ ఉద్యోగి అయ్యారు.

జోన్స్ ది వేరే కథ. ఆయన 1906లోనే రిచ్మండ్ నుంచి వచ్చి, ఆ అక్టోబర్ దీక్షలో చేరారు. సంఘాన్ని ఇథాకా దాటించింది ఎక్కువగా ఆయనే. 1907 డిసెంబర్‌లో వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో రెండో శాఖ, వెంటనే వర్జీనియా యూనియన్‌లో మూడోది, 1908లో సరిహద్దు దాటి కెనడాలో టొరాంటోలో నాలుగోది. 1908 డిసెంబర్‌లో హోవార్డ్‌లో మొదటి మహాసభ. ఆయన తర్వాత నేషనల్ అర్బన్ లీగ్ అనే పెద్ద సంస్థకు దశాబ్దాల పాటు కార్యదర్శిగా ఉండి, పల్లెల నుంచి నగరాలకు వచ్చిన నల్లజాతి కూలీలకు పని, ఇల్లు చూపించడానికి పాటుపడ్డారు. అంత చేసినా ఆయన్ను వ్యవస్థాపకుల్లో ఒకరిగా సంఘం ఖాయం చేసింది 1952లో. మనుషులు కట్టిన ఏ సంస్థలోనైనా ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్న పేచీ ఉంటుంది కాబోలు.

హోవార్డ్‌లోనే 1908 జనవరిలో ఆడపిల్లలు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. 2020లో కమలా హారిస్ ఉపాధ్యక్షురాలిగా గెలిచిన రోజుల్లో మన వాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఆవిడ తల్లి ఊరి గురించి తెగ మాట్లాడుకున్నారు. హోవార్డ్‌లో ఆవిడ చేరిన ఆ సంఘం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నాకు కొంచెం బాధేసింది.

2005 నవంబర్‌లో, వందేళ్ళ వేడుకలు మొదలుపెట్టడానికి ఆల్ఫాలు దేశమంతటినుంచీ ఇథాకా వచ్చారు. ఆ రోజు నేను కొండమీద ఉన్నాను. వందల మంది నల్లకోట్లు, బంగారు రంగు టైలు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు, పక్కన మనవళ్ళ వయసు కుర్రాళ్ళు, మాట్లాడకుండా క్యాంపస్ మధ్యలోంచి నడుస్తున్నారు. బార్నెస్ హాల్ దగ్గర ఏడుగురి జ్ఞాపకంగా ఒక గోడ, కూర్చోవడానికి బెంచి కట్టారు. పెద్దమ్మ భర్త కోటును చేతిమీద వేసుకుని వచ్చారు. ఆ కోటును బెంచి మీద కాసేపు పరిచి, మళ్ళీ మడత పెట్టుకున్నారు. నేను ఆవిడ పక్కన నిలబడి ఉన్నాను. ఎవరో పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపి, "నువ్వు కూడా ఈ ఇంటివాడివేనా?" అన్నారు. పెద్దమ్మే జవాబు చెప్పారు. "వీడు నా ఇంటివాడు."

ఈ సంఘం నుంచి వచ్చినవాళ్ళ పేర్లు చెప్తే లోకమంతా గుర్తుపడుతుంది. మార్టిన్ లూథర్ కింగ్ 1952లో బోస్టన్‌లో చదువుతూ చేరారు. సుప్రీంకోర్టు మొదటి నల్లజాతి న్యాయమూర్తి థర్‌గుడ్ మార్షల్ ఇందులోవారే. 1935లో మేరీల్యాండ్ లా కాలేజీలో నల్లవాడని డొనాల్డ్ మర్రీకి సీటు ఇవ్వకపోతే, ఆ కేసుకు పూనుకున్నవాళ్ళలో ఈ సంఘం ఉంది. చార్లెస్ హూస్టన్, మార్షల్ కోర్టులో వాదించి గెలిచారు. 1930లలోనే వీళ్ళు 'ఓటు లేని జనం, ఆశ లేని జనం' అనే నినాదంతో ఊరూరా తిరిగి ఓటు నమోదు చేయించారు. వాషింగ్టన్‌లో చెరువుగట్టున 2011లో ఆవిష్కరించిన కింగ్ స్మారకం కూడా ఈ సంఘం వాళ్ళు 1984లో మొదలుపెట్టి, పాతికేళ్ళకు పైగా వెంటపడి సాధించిందే.

నా మనసుకు దగ్గరైన పేరు మాత్రం డుబాయిస్, నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన పండితుడు. ఆయనా ఆల్ఫానే. మా హాస్టల్లో మెస్ గోడమీద ఒకే ఒక్క ఫోటో ఉండేది, నీలం కోటులో అంబేడ్కర్. 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. మన దేశపు అంటరానివాళ్ళ స్థితికీ అమెరికా నల్లవాళ్ళ స్థితికీ ఎంత పోలిక ఉందంటే, వాళ్ళ గురించి చదవడం సహజమే కాదు, అవసరం కూడా అని అందులో ఉంది. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళు ఇచ్చిన అర్జీ ప్రతులు పంపమని అడిగారు. డుబాయిస్ సానుభూతితో జవాబు రాశారు. ఆ ఉత్తరం గురించి చదివిన రాత్రి నేను పెద్దమ్మను నిద్రలేపాను. మంచం మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివించుకున్నారు. "మీ అంబేడ్కర్ న్యూయార్క్‌లో ఎప్పుడు చదివాడు?" అన్నారు. 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో అన్నాను. "అప్పటికి టాండీ చర్చి కట్టేశాడు. నడిచి వెళ్ళేంత దూరం" అన్నారు. ఆవిడ ఆ రాత్రి అంబేడ్కర్‌ను హార్లెమ్ వీధుల్లో ఎక్కడెక్కడో నడిపించారు.

అంతా మంచే అని చెప్పను. దీక్ష పేరుతో కొత్తవాళ్ళను కొట్టడం, అవమానించడం ఈ సంఘాల్లోకి కూడా వచ్చింది. 1990లో నల్లజాతి గ్రీకు సంఘాలన్నీ కలిసి ఆ పాత పద్ధతిని రద్దు చేయాల్సి వచ్చింది. పెద్దమ్మకు ఆ మాట ఎత్తితే కోపం వచ్చేది. నర్సుగా ఉన్న రోజుల్లో, అలాంటి దెబ్బలు తిన్న ఒక కుర్రాడికి కట్టు కట్టారట. "రాని పిల్లలను తేవడానికి పెట్టిన సంఘం ఇది. వచ్చినవాణ్ణి పారిపోయేలా కొడతారా?" అనేవారు. చదువుకునే రోజుల్లో ర్యాగింగ్ భయంతో పెట్టె సర్దుకున్న నా స్నేహితుడు ఒకడు గుర్తొచ్చేవాడు నాకు.

ఆ ఇంట్లో నాకు ఆఖరి డిసెంబర్ 2008. నెల రోజుల ముందే ఒబామా గెలిచారు. ఫలితాల రాత్రి పెద్దమ్మ భర్త ఫోటోను టీవీకి ఎదురుగా కుర్చీలో పెట్టి, తాను నేలమీద కూర్చున్నారు. డిసెంబర్ 4న ఎప్పటిలా నల్లగుడ్డ పరిచారు. ఆ ఏడు పిల్లలు తొమ్మిదిమంది వచ్చారు. భోజనానికి ముందు ఏడుగురి పేర్లూ చదవడం ఆ ఇంటి ఆనవాయితీ. ప్రతిసారీ ఎవరో ఒక ఆల్ఫా కుర్రాడు చదివేవాడు. ఆ రోజు కాగితం నా చేతికిచ్చారు. నా గుంటూరు యాసలో చదివాను. ఎవరూ నవ్వలేదు. ఆఖర్న, "పెద్దబ్బాయి పాయిండెక్స్టర్" అని కూడా అన్నాను.

నేను కూర్చోబోతుంటే పెద్దమ్మ ఆగమన్నారు. "మీ హాస్టల్ పిల్లల పేర్లు కూడా చెప్పు. తిరిగి రానివాళ్ళవి" అన్నారు.

నాకు గొంతు పట్టేసింది. ఆ పేర్లు పైకి పలికి పదిహేనేళ్ళు దాటింది. పెట్టెలు ఉన్న వరస గుర్తు తెచ్చుకుంటూ, కిటికీ దగ్గరనుంచి మొదలుపెట్టాను. ఇంటిపేరుతో సహా ఒక్కొక్కటే చెప్పాను. ఒక్కో పేరు చెప్పగానే ఆ కుర్రాళ్ళు తిరిగి పలికారు. నోరు తిరగక తప్పుగా అంటే పెద్దమ్మ ఆపి, "మళ్ళీ చెప్పు, సరిగ్గా అననివ్వు" అనేవారు. మిరప తోటలకు పోయినవాడు, ఇటుక బట్టీకి పోయినవాడు, గేదెలు కాయడానికి కుదిరినవాడు. ఎనిమిది పేర్లు అయ్యాయి. తొమ్మిదోది రాలేదు. వాడి పెట్టె నాకు తెలుసు, మూత మీద సినిమా బొమ్మ అంటించి ఉండేది. వాడి కంచం తెలుసు, అంచు సొట్టపోయి ఉండేది. పేరు మాత్రం రాలేదు. సిగ్గుతో తల దించుకున్నాను. పెద్దమ్మ ఏమీ అనలేదు. నా కంచంలో అలసందలు వడ్డించారు.

అందరూ వెళ్ళిపోయాక, వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. బయట మంచు చప్పుడు లేకుండా పడుతోంది. చేతిలో ఒక స్టీలు పళ్ళెం ఉంది. అది తిప్పుతుంటే ఉన్నట్టుండి పేరు వచ్చేసింది. గట్టిగా అనేశాను, వాణ్ణి పిలిచినట్టే.

హాల్లో గుడ్డ మడత పెడుతున్న పెద్దమ్మ, అక్కడినుంచే ఆ పేరు తిరిగి అన్నారు.